విహార పడవకు డీజిలా? విద్యుత్తా?
నీటిని చూసి నిర్ణయించాలి.. రేవుల్లో ఏర్పాట్లు లేకుండా పడవలు మార్చితే ప్రయోజనం శూన్యం

గొందూరు (దేవీపట్నం మండలం): గండిపోచమ్మ రేవులో పర్యాటక సీజను మొదలైతే తెల్లవారగానే వినిపించే శబ్దం డీజిల్ ఇంజన్లదే. పాపికొండల యాత్రకు బయలుదేరే పడవల పొగ, దడదడ మోత, నీటిపై తేలే చమురు తెట్టు ఈ ప్రాంతవాసులకు అలవాటైపోయాయి. కేరళలో సౌరవిద్యుత్ పడవ, కొచ్చిలో వాటర్ మెట్రో విజయవంతంగా నడుస్తున్నాయన్న వార్తలు వచ్చిన నాటి నుంచి, గోదావరిపై మాత్రం ఎందుకు నడపరాదన్న ప్రశ్న తలెత్తుతోంది. ప్రశ్న సమంజసమైనదే. అయితే ఔను, కాదు అని ఒక్క మాటలో తేల్చగల విషయం కాదిది. నిలకడ నీటిలో మెల్లగా సాగే పడవ వేరు. ప్రవాహానికి ఎదురీదే లాంచి వేరు. వెనుక తాడు కట్టి మనిషిని నీటిపై పరుగెత్తించే వేగపు పడవ వేరు. ఈ మూడింటికీ ఒకే ఇంజను నిర్ణయించడం పొరపాటు. ఆ పొరపాటుకు నదిలో చెల్లించవలసిన మూల్యం డబ్బుతో పోదు.

కొత్తది కాని సాంకేతికత

విద్యుత్ పడవ నిన్న మొన్న పుట్టినదని పలువురు భావిస్తుంటారు. వాస్తవానికి డీజిల్ ఇంజనుకన్నా ఇదే ముందుది. ఫ్రాన్సుకు చెందిన గుస్తావ్ త్రూవే 1881లోనే పారిస్ నగరంలోని సీన్ నదిపై విద్యుత్ మోటారుతో పడవ నడిపారు. రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజను విజయవంతంగా పనిచేసినది 1897లో. ముందు పుట్టినా విద్యుత్ పడవ వెనుకబడిపోవడానికి కారణం మోటారు కాదు, బ్యాటరీ. సీసపు బ్యాటరీలు బరువెక్కువ, నిల్వ తక్కువ. లిథియం బ్యాటరీలు చవకై, మన్నిక పెరిగిన తరువాతనే పరిస్థితి మారింది.

మన దేశంలో ఈ మార్పునకు నాంది కేరళ. అక్కడి రాష్ట్ర జలరవాణా శాఖ 2017 జనవరిలో వైకోం, తవణక్కడవు రేవుల మధ్య ‘ఆదిత్య’ అనే సౌరవిద్యుత్ పడవను ప్రవేశపెట్టింది. 75 మంది ప్రయాణికులు పట్టే ఈ పడవ పొడవు 20 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. రెండు పొట్టల నిర్మాణం, పైకప్పు నిండా 20 కిలోవాట్ల సౌర పలకలు, రెండు మోటార్లు, 50 యూనిట్ల నిల్వ సామర్థ్యం గల బ్యాటరీలు దీని ప్రత్యేకతలు. 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొచ్చి వాటర్ మెట్రోలో 100 మంది ప్రయాణించే పడవలు నడుస్తున్నాయి. వీటిని కొచ్చిన్ షిప్‌యార్డ్ నిర్మించింది. ఇవి ప్రధానంగా బ్యాటరీతోనే నడిచినా, అవసరానికి డీజిల్ జనరేటరును కూడా అమర్చారు. నగరం మధ్యన, ప్రశాంతమైన నీటిలో, పది నిమిషాలకొక రేవు ఉన్నచోట సైతం కేవలం బ్యాటరీపై ఆధారపడలేదన్న సంగతిని మన అధికారులు గమనించవలసి ఉంది.

ఎదురీతలో లెక్క మారుతుంది

వైకోంలో పడవ దాటేది వెంబనాడు సరస్సు. రేవుకు రేవుకు మధ్య దూరం సుమారు మూడు కిలోమీటర్లు. నీరు నిలకడగా ఉంటుంది. ఆగిన ప్రతిసారీ చార్జింగ్‌కు అవకాశం ఉంటుంది. పాపికొండల మార్గం అటువంటిది కాదు. రెండు కొండల నడుమ నది ఇరుకై, లోతై, కొన్నిచోట్ల సుడులు తిరుగుతుంది. వెళ్లేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు వాలు. మధ్యలో చార్జింగ్ రేవు లేదు. సెల్‌ఫోన్ సంకేతం కూడా అందని చోట్లున్నాయి.

ఒక చిన్న లెక్క చూద్దాం. నిలకడ నీటిలో గంటకు 12 కిలోమీటర్లు నడిచే పడవ 30 కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావడానికి అయిదు గంటలు పడుతుంది. అదే ప్రవాహ వేగం గంటకు 6 కిలోమీటర్లున్నపుడు ఎగువకు వెళ్లడానికే అయిదు గంటలు, దిగువకు గంటా 40 నిమిషాలు, మొత్తం 6 గంటల 40 నిమిషాలు. ప్రవాహం 8 కిలోమీటర్లకు పెరిగితే ఎగువ ప్రయాణమే ఏడున్నర గంటలు, రానుపోను తొమ్మిది గంటలు. దూరం అదే, పడవ అదే, ఖర్చయ్యే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు.

పోనీ వేగం పెంచి త్వరగా చేరుకుందామంటే అక్కడ మరొక చిక్కు. నీటిని చీల్చుకుంటూ వెళ్లే పడవకు వేగం కొద్దిగా పెంచినా కావలసిన శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్థూలంగా చెప్పాలంటే వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి మూడు రెట్లకు పైగా అవసరమవుతుంది. డీజిల్ పడవలో దీని పర్యవసానం మరో రెండు క్యాన్ల చమురు. బ్యాటరీ పడవలో మాత్రం నిల్వ చూస్తుండగానే కరిగిపోతుంది. నడినదిలో క్యానుతో తెచ్చి పోయగలిగినది కాదది.

బరువు, ఖర్చు

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజనులో అధిక భాగం వేడిగా, పొగగా పోగా ప్రొపెల్లరు తిప్పడానికి మిగిలేది మూడు నుంచి నాలుగు యూనిట్లు. విద్యుత్ మోటారు తనకందిన శక్తిలో 90 శాతం వరకు పనికి మళ్లించగలదు. ఈ విషయంలో మోటారుదే పైచేయి. అయితే శక్తిని మోసుకుపోవడంలో డీజిల్‌కు సాటి లేదు.

ఎనభై మంది పట్టే లాంచికి సగటున 40 కిలోవాట్ల శక్తి చొప్పున అయిదు గంటల ప్రయాణం అనుకుందాం. 200 యూనిట్లు కావాలి. ఆపత్సమయానికి 30 శాతం నిల్వ తప్పనిసరిగా ఉంచితే దాదాపు 285 యూనిట్ల బ్యాటరీ అవసరం. దాని బరువు రెండు టన్నులకు పైమాటే. అంటే 30 మందికి పైగా ప్రయాణికుల బరువుతో సమానం. ఇదే పనికి డీజిల్ 57 లీటర్లు సరిపోతుంది. నిల్వతో కలిపి చూసినా 70 కిలోలు మించదు.

ఇక రోజువారీ ఖర్చు చూస్తే తూకం మళ్లీ విద్యుత్ వైపు మొగ్గుతుంది. లీటరు డీజిల్ రూ.97 అనుకుంటే ట్రిప్పుకు సుమారు రూ.5,500. మధ్యలో పోయే నష్టాలతో కలిపి 235 యూనిట్ల కరెంటుకు, యూనిట్ రూ.8 చొప్పున, రూ.1,900 లోపే. రోజుకు రూ.3,600 ఆదా. ఆయిలు మార్పిడి, ఫిల్టర్లు, నాజిళ్ల మరమ్మతుల ఖర్చు కూడా తగ్గుతుంది.

అయితే గోదావరిపై ఈ ఆదా ఏడాదంతా దొరకదు. వరద కాలంలో యాత్ర నిలిచిపోతుంది. గాలివానలు, తుపాను హెచ్చరికలు, పండుగలు కాని రోజుల్లో ఖాళీ సీట్లు పోగా 150 రోజులు పూర్తిస్థాయిలో నడిచిందనుకుంటే ఏడాదికి ఆదా అయిదున్నర లక్షలు దాటదు. బ్యాటరీ ధర ఇందుకు అనేక రెట్లు. పైగా పడవ రేవులో ఖాళీగా ఉన్నా బ్యాటరీ వయసు మాత్రం ఆగదు. ఏడాది పొడవునా ప్రజారవాణాకు తిరిగే కేరళ పడవకు, సీజనులో మాత్రమే తిరిగే మన పడవకు ఉన్న అసలు తేడా ఇదే. అప్పుచేసి ఒకటి రెండు పడవలు నడుపుకునే యజమాని సొంతంగా ఈ భారం మోయగలడని ఆశించడం అత్యాశే అవుతుంది.

ప్రమాదాలు చెప్పిన పాఠం

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం వద్ద జరిగిన ఘోరాన్ని ఈ తీరం మరువలేదు. నదిలో అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహిస్తుండగా ఎగువకు వెళ్తున్న ‘రాయల్ వశిష్ఠ’ పడవ అదుపు తప్పి మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పడవను వెలికితీసినది 38వ రోజున. అంతకు ముందు 2018 మే 15న ఇదే మండలంలోని మంటూరు సమీపంలో గాలివానకు లాంచి మునిగింది. దానికి నాలుగు రోజుల ముందే మరో పర్యాటక బోటు మంటల్లో చిక్కుకోగా ప్రయాణికులు బయటపడ్డారు. 2017 నవంబరు 12న కృష్ణా నదిపై పవిత్ర సంగమం వద్ద జరిగిన దుర్ఘటనలో 20 మందికి పైగా మృతిచెందారు.

ఈ దుర్ఘటనలకు మూలం డీజిల్ ఇంజను అని చెప్పలేం. ప్రవాహ ఉద్ధృతిని లక్ష్యపెట్టకపోవడం, అనుమతులు లేకపోవడం, తనిఖీల లోపం, ప్రయాణికులు లైఫ్ జాకెట్లు ధరించకపోవడం వంటి కారణాలే ఒక్కోచోట ఒక్కోటి బయటపడ్డాయి. అందువలన ఇంజను మార్చినంత మాత్రాన నది సురక్షితమవుతుందన్న భ్రమ కూడదు. రెండు లక్షల క్యూసెక్కుల్లో ఆగవలసిన పడవ అయిదు లక్షల్లో బయలుదేరితే దానిలో ఉన్నది డీజిలైనా, కరెంటైనా ఫలితం ఒక్కటే.

అయినప్పటికీ ఇంజనుకు, భద్రతకు సంబంధం లేదనడం కూడా సరికాదు. ఎదురీతలో ఇంజను ఆగిపోయిన పడవకు చుక్కాని ఉన్నా లేనట్టే. ఈ కోణంలో చూస్తే విద్యుత్ పడవలో రెండు వేర్వేరు మోటార్లు, రెండు వేర్వేరు బ్యాటరీ పెట్టెలు అమర్చడం తేలిక. ఒకటి చెడితే రెండోదానితో గట్టుకు చేరవచ్చు. మోటారు మీట నొక్కిన క్షణంలోనే పూర్తి బలం అందిస్తుంది. వెనుకకు తిప్పడానికీ ఆలస్యం ఉండదు. బ్యాటరీ బరువు అడుగున ఉంటే పడవ నిలకడ కూడా పెరుగుతుంది. శబ్దం లేనందున గట్టుపై నుంచి వేసిన కేక సరంగుకు వినబడుతుంది.

ఇబ్బందులూ లేకపోలేదు. డీజిల్ ఇంజను మొరాయిస్తే రేవులోని మెకానిక్కు రెంచీలతో సరిచేస్తాడు. మోటారు కంట్రోలరు పాడైతే ఎక్కడో నగరం నుంచి ఇంజనీరు రావాలి. లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం. నీరు చొరబడని పెట్టెలు, వేడిని కనిపెట్టే పరికరాలు, ధ్రువీకరించిన వైరింగ్ లేనిదే వాటిని జనం ఎక్కే పడవలో పెట్టకూడదు. స్థానికంగా చవకగా దొరికే ఆటో బ్యాటరీలను తెచ్చి బిగించే ప్రయత్నాలకు ఆదిలోనే అడ్డుకట్ట వేయాలి.

తాడుతో లాగే పడవల సంగతి

విశాఖ రుషికొండ, విజయవాడ భవానీ ద్వీపం, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ వంటి చోట్ల స్పీడు బోట్లు పర్యాటకులను ఆకర్షిస్తున్నాయి. బనానా రైడ్, పారాసెయిలింగ్, వాటర్ స్కీయింగ్ వంటి క్రీడల్లో పడవ పని ప్రయాణికులను మోయడం కాదు, వెనుక తాడు కట్టి మనుషులను లాగడం. ఒకనాడు గోదావరి డెల్టా కాలువలపై గట్టున నడిచే మనుషులు తాడు భుజాన వేసుకుని సరుకుల పడవలను లాగేవారు. ఇప్పుడు పడవే మనుషులను లాగుతోంది.

ఈ తరహా పడవ నీటిని చీల్చుకుంటూ కాక నీటిపైకి లేచి జారుతూ పరుగెత్తాలి. వాటర్ స్కీయింగ్ పోటీల్లో వేగం గంటకు 58 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్క కుదుపుతో మనిషిని నీటిలో నుంచి పైకి లేపగల బలం కావాలి. ఆ బలాన్ని ఇవ్వడంలో విద్యుత్ మోటారు డీజిల్‌కు తీసిపోదు, పైగా మిన్న. చిక్కంతా ఎంతసేపు ఇవ్వగలదన్న దగ్గరే. అమెరికాలో నాటిక్ సంస్థ రూపొందించిన విద్యుత్ లాగుడు పడవలో 124 యూనిట్ల బ్యాటరీ ఉంది. అది క్రీడకు రెండు మూడు గంటలు సరిపోతుంది. ఆర్క్ సంస్థ తన పడవలో 226 యూనిట్ల బ్యాటరీ పెట్టింది. మన ఇళ్లలో నెలకు వాడే కరెంటు ఇందులో ఒకేసారి నింపాలన్నమాట. ధరలు రెండున్నర లక్షల డాలర్ల పైనే.

ఆ దేశంలో ఇటువంటి పడవల్లో అత్యధికం పెట్రోలువే. డీజిల్ ఇంజన్లను యూరప్‌లోని కొన్ని స్కీయింగ్ క్లబ్బులు ఎంచుకున్నాయి. పెట్రోలు ఆవిరి సాధారణ ఉష్ణోగ్రతలోనే నిప్పంటుకుంటుంది. డీజిల్‌కు ఆ స్వభావం లేదు. బరువు ఎక్కువైనా తక్కువ చుట్లలోనే లాగే బలం డీజిల్‌కు ఉంది. రోజంతా విరామం లేకుండా లాగే పనికి ఇప్పటికీ అది నమ్మదగినదే. అయితే మన పర్యాటక కేంద్రాల్లో ఒక్కో రైడు పది పదిహేను నిమిషాలకు మించదు. ప్రతి రైడుకూ పడవ రేవుకే తిరిగివస్తుంది. వారాంతాల్లో తప్ప రద్దీ ఉండదు. రేవులో వేగంగా చార్జింగ్ చేసే వసతి ఉంటే ఈ వాడకానికి విద్యుత్ పడవ పనికిరాదని చెప్పలేం. కొనుగోలు ధర దిగివచ్చే వరకు వేచి చూడటమే మార్గం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డీజిల్ ఇంజను నడుస్తున్నదీ లేనిదీ మోత చెబుతుంది. విద్యుత్ మోటారు నిశ్శబ్దంగా ఉంటుంది. తాడు వదిలి నీటిలో పడిన మనిషి పడవ వెనుకకు ఈదుకుంటూ వచ్చినపుడు, డ్రైవరు చేయి పొరపాటున మీటపై పడితే ప్రొపెల్లరు ఒక్కసారిగా తిరుగుతుంది. అందుకే మనిషి నీటిలో ఉన్నంతసేపు ప్రధాన స్విచ్ కట్టివేయడం, డ్రైవరు నడుముకు కట్టుకునే అత్యవసర తాడు, వెనుకకు తిరిగి కూర్చునే పరిశీలకుడు తప్పనిసరి కావాలి. ఈ నిబంధనలు డీజిల్ పడవకూ అవసరమే. విద్యుత్ పడవకు మరింత అవసరం.

పోలవరం నిండితే..

పాపికొండల విషయంలో మరో కీలకాంశం పోలవరం జలాశయం. ఎగువ కాఫర్ డ్యామ్ నిర్మాణంతోనే పడవల రేవులు గండిపోచమ్మ వైపు తరలివచ్చాయి. దేవీపట్నం మండలంలోని గ్రామాలు ఖాళీ అయ్యాయి. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల వరకు నీరు నిలపాలన్నది ప్రణాళిక. నీరు నిలిచిన నాడు వరద లేని నెలల్లో ఈ మార్గం ఏరులా కాక సరస్సులా మారుతుంది. ఎదురీత తగ్గుతుంది. అప్పుడు విద్యుత్ పడవకు ఇప్పుడున్న ప్రధాన అడ్డంకి తొలగిపోతుంది. నిలవనీటిలో చమురు తెట్టు కొట్టుకుపోదు గనుక డీజిల్‌తో హాని కూడా పెరుగుతుంది. 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవుల నడుమ, తాగునీటికి, సాగునీటికి ఆధారమయ్యే జలాశయంలో ఈ విషయం తేలికగా తీసుకోదగినది కాదు.

అంటే మార్పు తప్పదు. దానికి సన్నద్ధం కావలసిన సమయం ఇదే.

ఏం చేయాలి?

వందేళ్లనాటి 1917 చట్టం స్థానంలో కేంద్రం 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం తెచ్చింది. ఇంధనాన్ని, నడిపే విధానాన్ని బట్టి కొన్ని పడవలను ప్రత్యేక శ్రేణిగా గుర్తించే వీలు అందులో ఉంది. 2024 జనవరిలో ‘హరిత్ నౌకా’ మార్గదర్శకాలు వెలువడ్డాయి. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం వరకు గోదావరి నాలుగో జాతీయ జలమార్గంలో భాగం. కాగితాలపై ఆధారాలకు కొదవ లేదు. కావలసినది క్రమబద్ధమైన ఆచరణ.

తొలి అడుగు నిలకడ నీటిలో పడాలి. చెరువులు, ఉద్యానవనాల్లోని కొలనులు, బ్యారేజీల ఎగువన దీవులకు తిరిగే చిన్న పడవలను ముందుగా విద్యుత్‌కు మార్చవచ్చు. దూరం తక్కువ, వేగం తక్కువ, చార్జింగ్ చేరువలోనే. రాజమహేంద్రవరం పుష్కరఘాట్ వద్ద జరిగే స్వల్ప దూరపు విహారాలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

పాపికొండల మార్గానికి ప్రస్తుతానికి రెండు విధాలూ కలిసిన పడవ మేలు. రేవు వద్ద, పేరంటాలపల్లి వంటి ప్రశాంత ప్రాంతాల్లో బ్యాటరీతో, ఎదురీతలో డీజిల్‌తో నడవాలి. ఒకటి ఆగితే రెండోది ఆదుకుంటుంది.

రేవులో విద్యుత్ ఏర్పాటు లేకుండా పడవ కొనడం గాడి కట్టకుండా పొయ్యి వెలిగించడం వంటిది. ఒక్కో లాంచిని రాత్రి పది గంటల్లో నింపాలంటే సుమారు 24 కిలోవాట్లు కావాలి. పది లాంచీలకు 240 కిలోవాట్లు. ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. ఏటా వరద ముంచెత్తే రేవులో దాన్ని ఎంత ఎత్తున పెట్టాలో ముందే తేల్చాలి.

బ్యాటరీలో 30 శాతం నిల్వ ఉండగానే తిరుగుముఖం పట్టాలన్న నిబంధన, జంట మోటార్లు, పడవ బయలుదేరే ముందు నిల్వను కంట్రోల్ రూములో నమోదు చేయడం అనుమతి పత్రంలోనే చేర్చాలి. సరంగులకు, కళాసీలకు, రేవు మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు అందజేయాలి. లేకుంటే కొత్త పడవలతో పాటు బయటి సిబ్బంది వచ్చి, ముంపులో ఇళ్లు కోల్పోయిన స్థానికులు జీవనోపాధి కూడా కోల్పోతారు. చిన్న యజమానులకు రాయితీతో కూడిన రుణం అందించాలి. బ్యాటరీని అద్దె పద్ధతిన ఇచ్చే విధానాన్నీ పరిశీలించవచ్చు.

అన్నింటికన్నా ముందు, ఎన్ని క్యూసెక్కుల ప్రవాహం దాటితే పడవ కదలరాదో ఆ హద్దును ప్రతి రేవులోనూ పెద్ద అక్షరాలతో రాయించాలి. దానిని మీరే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఆ ఒక్క నియమం కచ్చితంగా అమలైతే డీజిల్ పడవ కూడా క్షేమంగా తిరిగివస్తుంది. అది అమలు కానంతకాలం ఎంత ఖరీదైన విద్యుత్ పడవ తెచ్చినా పర్యాటకుల ప్రాణాలకు భరోసా లేదు. పర్యాటక, జలవనరుల, విద్యుత్ శాఖలు వచ్చే సీజను మొదలుకాక మునుపే కలిసి కూర్చుని దీనిపై నిర్ణయం తీసుకోవలసి ఉంది.